రోబోతో రొమ్ము ఆపరేషన్: చిక్కులు ఎక్కడ పుడతాయి, ముందే ఎలా అడ్డుకోవాలి

రోబో తనంతట తాను ఏదీ కోయదు. సర్జన్ అదే గదిలో కన్సోల్ (రోబోను నడిపే బల్ల) ముందు కూర్చుని వేళ్లు కదిపితే, చంక కింద పెట్టిన చిన్న గాటులోంచి లోపలికి వెళ్లిన పరికరాలు ఆ కదలికలనే చేస్తాయి. ఈ ఆపరేషన్‌లో వచ్చే ఇబ్బందుల్లో యంత్రం మొరాయించడం వల్ల వచ్చేవి చాలా తక్కువ. రొమ్ము లోపలి కణజాలమంతా తీసేశాక పలుచటి చర్మం మాత్రమే మిగులుతుంది. ఆ చర్మానికి రక్తం అందుతోందా లేదా అన్నదే అసలు సమస్య. చర్మం బతికితే మిగతా చిక్కుల్లో చాలావాటిని సర్దుకోవచ్చు. అది నల్లబడితే కుట్లు విడిపోతాయి, ఇన్ఫెక్షన్ వస్తుంది, రొమ్ము ఆకారం కోసం లోపల పెట్టిన ఇంప్లాంట్ తీసేయాల్సి వస్తుంది, కీమో వాయిదా పడుతుంది. అన్నీ ఒకదాని వెనక ఒకటి వస్తాయి.

లోపల జరిగేది ఏమిటి

రోబోను ప్రధానంగా వాడేది చర్మాన్నీ చనుమొననూ ఉంచి, లోపలి రొమ్మునంతా తీసేసే ఆపరేషన్‌కు. గడ్డ వరకే తీసి రొమ్మును కాపాడగలిగితే చాలామందికి అదే మంచి మార్గం, దానికి రోబో అక్కర్లేదు. ఇటలీలోని మిలాన్‌లో ఆంటోనియో తోయెస్కా బృందం 2015 ప్రాంతంలో ఈ పద్ధతిని లోకానికి చూపించింది. ఆ తర్వాత కొరియా, తైవాన్ సర్జన్లు దీన్ని బాగా ముందుకు తీసుకెళ్లారు.

చెయ్యి దించితే కనపడని చోట, చంక కిందుగా 3 నుంచి 6 సెం.మీ. గాటు పెడతారు. క్యాన్సర్ మొదట చేరే సెంటినల్ గ్రంథిని ఈ గాటులోంచే తీసి పరీక్షకు పంపుతారు. తర్వాత చర్మానికీ రొమ్ముకూ మధ్య సెలైన్, అడ్రినలిన్ కలిపిన ద్రవం ఎక్కిస్తారు. లీటరు సెలైన్‌కు 1 మి.గ్రా. అడ్రినలిన్ సాధారణంగా వాడే పాళ్లు. దీనివల్ల పొరలు విడివడతాయి, రక్తనాళాలు ముడుచుకుంటాయి. పొడవాటి కత్తెరతో చర్మం కింద సొరంగాల్లా దారులు చేసి, గాటులో మూత లాంటి పోర్టు బిగించి, కార్బన్ డయాక్సైడ్ వాయువు నింపుతారు. పొట్ట లాపరోస్కోపీలో ఈ ఒత్తిడి 12 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. రొమ్ములో 8 దగ్గరే ఆపాలి. అప్పుడు రోబో చేతులు లోపలికి వెళతాయి. డావిన్సీ అనే రోబోల్లో ఎక్స్‌ఐ రకానికి ఒక్కో పరికరం 8 మి.మీ. లావుంటుంది. ఎస్‌పీ రకంలో 25 మి.మీ. గొట్టం ఒకటే, అందులోంచి 6 మి.మీ. పరికరాలు విచ్చుకుంటాయి. చనుమొన కింది కణజాలాన్ని కొంచెం తీసి అప్పటికప్పుడు ఫ్రోజెన్ సెక్షన్‌కు (గడ్డకట్టించి వెంటనే చూసే పరీక్షకు) పంపుతారు. అందులో క్యాన్సర్ కనిపిస్తే చనుమొనను ఉంచకూడదు. రొమ్మునంతా విడదీసి ఒకే ముక్కగా చంక గాటులోంచి తీశాక ఇంప్లాంట్ పెట్టి, లోపల చేరే నీరు బయటికి రావడానికి డ్రెయిన్ గొట్టం వేసి, కుట్లు వేస్తారు.

మామూలు పద్ధతిలో గాటు రొమ్ము మీదే ఉంటుంది. చనుమొన అంచునో కింది మడతలోనో కోసిన ప్రతిసారీ చర్మానికి రక్తం వచ్చే దారుల్లో కొన్ని తెగుతాయి. లోపల వెలుతురు కోసం ఇనుప రిట్రాక్టర్లతో చర్మాన్ని గంటల తరబడి లాగి పట్టుకోవాలి. రోబోలో ఆ పని వాయువు చేస్తుంది, చర్మం సమంగా పైకి లేస్తుంది. ఈ పద్ధతికి ఉన్న నిజమైన మేలు ఇదే. అలాగని ఆ మేలు దానంతటదే దక్కదు.

చర్మం ఎందుకు నల్లబడుతుంది

చర్మానికీ రొమ్ముకూ మధ్య సన్నటి కొవ్వు పొర ఉంటుంది. బత్తాయి తొక్క లోపల అంటుకుని ఉండే తెల్లటి పొరను ఊహించుకోండి. సర్జన్ సరిగ్గా దాని అడుగున నడవాలి. పైకి వస్తే చర్మం కిందుండే సన్నటి రక్తనాళాల అల్లిక చిరిగిపోయి చర్మం చచ్చిపోతుంది. లోతుకు వెళితే రొమ్ము కణజాలం చర్మానికి అంటుకుని మిగిలిపోతుంది, రేపు అందులోంచే క్యాన్సర్ మళ్లీ రావచ్చు. ఈ పొర మందం అందరికీ ఒకేలా ఉండదు. బక్కపలుచటి మనిషిలో రెండు మూడు మిల్లీమీటర్లే ఉండొచ్చు. ఎంఆర్‌ఐలో గానీ మామోగ్రామ్‌లో గానీ దాన్ని ముందే కొలిచి పెట్టుకున్న సర్జన్ లోపల తడబడడు.

రోబోలో ఒక లోటుంది. చాలా యంత్రాల్లో స్పర్శ తెలియదు. ఎంత గట్టిగా లాగుతున్నామో, చర్మానికి ఎంత దగ్గరగా వచ్చామో కంటితోనే పోల్చుకోవాలి. డావిన్సీ రోబోల్లో బలం ఎంతో చేతికి తెలిసే ఏర్పాటు డావిన్సీ 5తో మొదలైంది, అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ దానికి 2024లో అనుమతి ఇచ్చింది. అది లేనిచోట పక్కన నిలబడే అసిస్టెంటే సర్జన్‌కు చేతులు. బయటి నుంచి చర్మం మీద అరచెయ్యి ఆనించి వేడి తగులుతోందా చూడాలి. థియేటర్ లైట్లు తగ్గించి, లోపలి కెమెరా వెలుగు చర్మంలోంచి ఎంత ఎర్రగా కనబడుతోందో గమనించాలి. ఒకచోట వెలుగు ఉన్నట్టుండి ప్రకాశవంతమైతే అక్కడ చర్మం పలుచనైపోతోందని అర్థం, వెంటనే "ఆపండి" అనాలి. ఆ మాట అనే చనువు అసిస్టెంటుకు ఉండాలి.

కరెంటుతో పనిచేసే మోనోపోలార్ కత్తెర కోస్తూనే కాలుస్తుంది కూడా. చర్మం దగ్గర కరెంటును ఎడతెగకుండా తొక్కి పట్టుకుంటే వేడి పక్కకు పాకుతుంది. ఆ కాలిన గాయం ఆ రోజు కనపడదు, మూడో రోజో నాలుగో రోజో బొబ్బలా పైకి తేలుతుంది. అందుకని చనుమొన కింద కరెంటు వాడకుండా చల్లటి కత్తెరతోనే కోయడం మంచి అలవాటు. మిగతాచోట్ల చిన్న చిన్న తాకులుగా, తక్కువ వాట్లలో, పైనుంచి తడిగుడ్డ వేసి పనిచేయాలి.

ఇక రక్తం వచ్చే దారులు. రొమ్ము చర్మానికి ముఖ్యమైన రక్తం రొమ్మెముక పక్కనుంచి, రెండో మూడో పక్కటెముకల సందుల్లోంచి వస్తుంది. చంక గాటు నుంచి చూస్తే ఇవి అన్నిటికంటే దూరాన, గుండ్రటి ఛాతీకి అవతలి పక్కన ఉంటాయి. పని చివరికి వచ్చి, సర్జన్ అలసిపోయి, పరికరాలు మొదలంటా లోపలికి వెళ్లిన సమయంలో చేరే చోటు అది. అక్కడ రొమ్మును లాగేస్తే ఆ నాళం తెగి కండరంలోకి ముడుచుకుపోతుంది. రక్తం కారడం ఒక నష్టం, చర్మం ఆకలితో మాడడం రెండో నష్టం. లోపలి కింది భాగం కూడా ఇలాంటిదే. అక్కడ చర్మం చిరగడమో, రొమ్ము ముక్క మిగిలిపోవడమో ఎక్కువ.

రక్తం అందుతోందో లేదో చూడటానికి ఐసీజీ అనే రంగుమందు నరంలోకి ఇచ్చి ప్రత్యేక కెమెరాతో చూస్తారు. రక్తం పారే చోట చర్మం ఆకుపచ్చగా మెరుస్తుంది, పారని చోట నల్లగా ఉండిపోతుంది. ఈ రంగుమందులో అయొడైడ్ ఉంటుంది కాబట్టి అలర్జీ ఉందేమో ముందే అడగాలి. ఇక్కడ పొరపడటం తేలిక. ఎక్కించిన అడ్రినలిన్ పనిచేస్తున్నంతసేపూ నాళాలు ముడుచుకునే ఉంటాయి. బతికే చర్మం కూడా కెమెరాలో నల్లగా కనబడవచ్చు. బీపీ తక్కువగా ఉన్నా, ఒళ్లు చల్లబడినా అంతే. బీపీ సరిచేసి, ఒంటిని వెచ్చబరిచి, కాసేపు ఆగి మళ్లీ చూడాలి. మరో సంగతి: సెంటినల్ గ్రంథి కోసం మన ఆసుపత్రుల్లో ఎక్కువగా వాడే మిథిలీన్ బ్లూను చర్మంలోకే ఎక్కిస్తే అక్కడి చర్మం చచ్చిపోగలదు. దాన్ని కాస్త లోతుగా, పలుచన చేసి ఇవ్వాలి.

రెండోసారి చూసినా అనుమానంగా ఉంటే అప్పుడు తీసుకునే నిర్ణయమే రోగిని కాపాడేది. పూర్తి సైజు ఇంప్లాంట్‌ను బలవంతంగా ఇరికించకూడదు. దాని బరువుకు, సాగదీతకు చర్మంలోని కొద్దిపాటి రక్తప్రసరణ కూడా ఆగిపోతుంది. చర్మాన్ని మెల్లగా సాగదీసే ఎక్స్‌పాండర్ సంచిని ఖాళీగా గానీ కొద్దిగా నింపి గానీ పెట్టి, తర్వాత వారాల తరబడి నెమ్మదిగా నింపుకోవచ్చు. లేదా ఏమీ పెట్టకుండా మూసేసి, చర్మం తేరుకున్నాక మళ్లీ రావచ్చు. "ఒకే ఆపరేషన్‌లో అన్నీ అయిపోతాయి" అని ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికి చర్మాన్ని పణంగా పెట్టడం తప్పు.

ఆపరేషన్ తర్వాత మొదటి రెండు రోజులు చనుమొన నీలంగా ఉబ్బితే రక్తం వెనక్కి పోవడం లేదన్నమాట. కట్టు వదులు చేయడం, నైట్రోగ్లిజరిన్ పూత రాయడం అప్పుడే పనికొస్తాయి. ఆ పూతకు తలనొప్పి రావచ్చు, బీపీ పడిపోవచ్చు, అందుకే నర్సు చూస్తుండగానే రాయాలి. పైపొర మాత్రమే ఊడితే మెల్లగా మానిపోతుంది. ఎంతవరకు చచ్చిందో వారం పది రోజులకు గీత గీసినట్టు తేలుతుంది. ఇంప్లాంట్ మీదున్న చర్మం పైనుంచి అడుగు దాకా నల్లబడితే మాత్రం ఎదురుచూడకుండా కోసి శుభ్రం చేసి మూసేయాలి.

ఎవరికి చేయకూడదు, ఏం అడగాలి

రొమ్ము చిన్నగానో మధ్యస్థంగానో ఉండి, పెద్దగా జారకుండా, గడ్డ చనుమొనకు కనీసం ఒక సెంటీమీటరు దూరాన ఉన్నవాళ్లు, బీఆర్‌సీఏ జన్యువులో లోపం వల్ల ముందుజాగ్రత్తగా రొమ్ము తీయించుకునేవాళ్లు దీనికి తగినవాళ్లు. చర్మానికో ఛాతీ కండరానికో క్యాన్సర్ పాకినా, రొమ్ము ఎర్రబడి వాచిన రకం క్యాన్సర్ అయినా ఈ పద్ధతి పనికిరాదు. గడ్డ బాగా పెరిగాకే ఆసుపత్రికి రావడం మన దగ్గర ఇంకా మామూలే కాబట్టి, విశాఖ కేజీహెచ్ ఓపీలోనో అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోనో వరసలో కూర్చున్న వాళ్లలో చాలామందికి ఈ ప్రశ్నే రాదు. చెయ్యలేమన్నారంటే చిన్నచూపు చూశారని కాదు. బరువు ఎక్కువ, రొమ్ము పెద్దది, అదుపులో లేని షుగరు, అంతకుముందు అదే రొమ్ముకు రేడియేషన్: వీటిలో ఏది ఉన్నా చర్మం చచ్చే అవకాశం పెరుగుతుంది. రెండు మూడు కలిస్తే మామూలు ఆపరేషనే క్షేమం.

పొగాకు విషయంలో ఉత్తరాంధ్రలో ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. "సిగరెట్ తాగుతారా అమ్మా?" అని అడిగితే భీమిలి నుంచో పూడిమడక నుంచో వచ్చిన పెద్దావిడ లేదనే అంటుంది, అది నిజమే. ఆవిడ కాల్చేది అడ్డపొగ, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చే చుట్ట. నికోటిన్ అందులోనూ ఉంది, ఖైనీలోనూ గుట్కాలోనూ ఉంది. అది సన్నటి నాళాలను బిగించేస్తుంది. చుట్ట, అడ్డపొగ, ఖైనీ అని పేరుపేరునా అడగాలి. ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందు మాన్పించాలి, తర్వాతా మరో నాలుగు వారాలు ముట్టకూడదు. మానలేనంటే చనుమొనను ఉంచే ఆపరేషన్ గురించి మళ్లీ ఆలోచించడమే మంచిది. కోప్పడితే దాచేస్తారు, విడమరిచి చెబితే చాలామంది మానేస్తారు.

పాడేరు, అరకు వైపు నుంచి వచ్చే గిరిజన మహిళలకు మత్తు ఇచ్చేముందు సికిల్ సెల్ పరీక్ష తప్పనిసరిగా చేయాలి. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగి రక్తం ఆమ్లంగా మారినా, ఒళ్లు చల్లబడినా ఆ జబ్బున్న వాళ్లలో ఎర్రకణాలు కొడవలిలా వంగి నాళాలను మూసేస్తాయి. ఈ ఆపరేషన్‌లో ఆ రెండు పరిస్థితులూ రావచ్చు.

వాయువు, చెయ్యి, సమయం

చర్మం కింద నింపిన వాయువు రక్తంలోకి ఇంకుతుంది. మత్తు డాక్టరు ఊపిరితో బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను చూస్తూ ఉండాలి. అది 45 మిల్లీమీటర్ల పాదరసం దాటి ఎక్కుతుంటే వెంటిలేటర్ వేగం పెంచాలి, నింపిన వాయువు ఒత్తిడి తగ్గించాలి, అవసరమైతే వాయువు వదిలేసి ఆగాలి. మెడ దగ్గర నొక్కితే చిటపటమంటే వాయువు పాకిందన్నమాట. చాలాసార్లు ఒకటి రెండు రోజుల్లో అదే పోతుంది.

చెయ్యిని 90 డిగ్రీలు మించి పక్కకు చాపితే మెడ నుంచి చేతికి వెళ్లే నరాలు సాగి, లేచాక చెయ్యి పైకెత్తలేని పరిస్థితి వస్తుంది. మోచేతి కింద మెత్త పెట్టాలి. రోబో చెయ్యి రోగి మోచేతికో దవడకో ఆనుకుని ఉన్నా మత్తులో ఉన్న మనిషి చెప్పలేదు. తుండు కప్పేసిన కింద ఏం జరుగుతోందో అరగంటకోసారి ఒకరు వంగి చూడాలి.

ఈ ఆపరేషన్‌కు సమయం ఎక్కువ పడుతుంది. మిలాన్‌లో 80 మంది మీద లాటరీ పద్ధతిలో పోల్చి చూసిన అధ్యయనంలో రోబో ఆపరేషన్ మామూలు దానికంటే గంటా 18 నిమిషాలు ఎక్కువ తీసుకుంది. చిక్కులు రెండిట్లోనూ దాదాపు సమానం, తమ రొమ్ము గురించి తృప్తి మాత్రం రోబో పక్షాన ఎక్కువ. సమయం పెరిగితే థియేటర్లో మరిచిపోయే పని ఒకటుంది. సెఫజోలిన్ యాంటీబయోటిక్‌ను గాటు పెట్టే ముందు గంటలోపు ఇస్తారు, కానీ నాలుగు గంటలకు దాని బలం తగ్గిపోతుంది. అంటే సరిగ్గా ఇంప్లాంట్ లోపలికి వెళ్లే వేళకు రక్షణ ఉండదు. రెండో డోసు వేళను బోర్డు మీద ముందే రాసి పెట్టుకోవాలి. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా గాలి మేజోళ్లు కూడా మొదటి నుంచే వేయాలి.

రక్తం గడ్డ, నీరు, చీము

రక్తం గడ్డ సాధారణంగా మొదటి 24 గంటల్లోనే వస్తుంది. థియేటర్లో అంతా పొడిగా కనబడటం నమ్మదగిన సాక్ష్యం కాదు. అడ్రినలిన్, వాయువు ఒత్తిడి రెండూ కలిసి చిన్న నాళాలను మూసి ఉంచుతాయి. రెండూ పోయాక రాత్రికి కారడం మొదలవుతుంది. కాబట్టి కుట్లు వేసేముందు వాయువు వదిలేసి, బీపీని రోగికి మామూలుగా ఉండే స్థాయికి తెచ్చి, కొన్ని నిమిషాలు ఆగి రొమ్మెముక అంచును మరోసారి చూడాలి. ఆ రాత్రి ఒక రొమ్ము గట్టిగా బిగుసుకుని నొప్పి పెరిగినా, డ్రెయిన్ సీసా ఎర్రటి రక్తంతో గబగబా నిండినా తెల్లారేదాకా ఆగకూడదు, మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లాలి. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం గడ్డకట్టనివ్వని మందులు వాడుతుంటే ఎప్పుడు ఆపాలో గుండె డాక్టరును అడిగే నిర్ణయించాలి. సొంతంగా ఆపేయొద్దు.

నీరు చేరడం చాలామందిలో ఉంటుంది. డ్రెయిన్‌లో 24 గంటలకు 30 మి.లీ. కంటే తక్కువ, వరసగా రెండు రోజులు వస్తే తీసేస్తారు. రోజూ ఒకే వేళకు కొలిచి పుస్తకంలో రాయాలి. రంగు కూడా రాయాలి, మబ్బుగా మారితే అదే మొదటి హెచ్చరిక.

ఇన్ఫెక్షన్‌లో భయపెట్టేది ఇంప్లాంట్ పోవడం. చనుమొనలోని పాల నాళాల్లో సూక్ష్మజీవులు ఎప్పుడూ ఉంటాయి, అందుకే దాన్ని మొదట్లోనే పారదర్శకమైన ఫిల్మ్‌తో కప్పేయాలి. ఇంప్లాంట్ డబ్బా తెరిచేముందు గ్లవ్స్ మార్చాలి, దాన్ని ఒక్కరే ముట్టుకోవాలి, చంక చర్మానికి ఆననివ్వకూడదు. చంక చెమటపట్టే చోటు, గాటు ఉన్నది అక్కడే. విశాఖ ఉక్కపోతలో మే నెలలో కుట్లను పొడిగా ఉంచడం అంటే ఫ్యాను కింద చెయ్యి పక్కకు పెట్టి కూర్చోవడం, బిగుతు జాకెట్టు మానేసి ముందు హుక్కులున్న నూలు బ్రా వేసుకోవడం. పౌడరు, పసుపు రాయొద్దు. ఇంప్లాంట్ రకం కూడా అడగాలి. గరుకు ఉపరితలం ఉన్న కొన్ని ఇంప్లాంట్లకు లింఫోమా అనే అరుదైన క్యాన్సర్‌తో సంబంధం తేలడంతో అలెర్గాన్ సంస్థ తన బయోసెల్ రకాన్ని 2019 జులైలో ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. ఇంప్లాంట్ కార్డును పారేయకుండా దాచుకోవాలి.

ఆపరేషన్ అయిన మర్నాడే ఘాట్ రోడ్డు ఎక్కి పాడేరు వెళ్లిపోవడం మంచిది కాదు. డ్రెయిన్ ఉన్నన్ని రోజులు ఊళ్లోనే, ఆసుపత్రికి అరగంట దూరంలో ఉండేలా బంధువుల ఇల్లో గదో చూసుకోండి. జ్వరం, చంక నుంచి చీము, ఎరుపు పాకడం, చనుమొన నల్లబడటం: ఏది కనిపించినా ఫోన్‌లో ఫొటో పంపి ఊరుకోకుండా వెళ్లి చూపించుకోవాలి.

క్యాన్సర్ పూర్తిగా పోతుందా

2019 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక ఇచ్చింది: రొమ్ము తీసే ఆపరేషన్లకు, క్యాన్సర్ చికిత్సకు రోబో భద్రత, ఫలితం ఇంకా రుజువు కాలేదు అని. 2021లో దాన్ని సవరించినా జాగ్రత్త మాట మిగిలే ఉంది. ఆ జాగ్రత్తకు బలమైన కారణముంది. 2018లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో కోత చిన్నదైన ఆపరేషన్లు చేయించుకున్న వాళ్లే తక్కువ కాలం బతికారని పెద్ద అధ్యయనంలో తేలింది. రొమ్ము విషయంలో అలాంటి నష్టం ఇప్పటిదాకా కనపడలేదు. కానీ పదేళ్లు, పదిహేనేళ్లు గమనించిన లెక్కలు కావాలి. తీసిన ముక్కను దిక్కులు గుర్తుపెట్టి పాథాలజిస్టుకు ఇవ్వడం, ముక్కలు ముక్కలుగా లాగకుండా ఒకటిగా తీయడం, గాటు చాలకపోతే సెంటీమీటరు పెంచడం ఇందుకే. గడ్డను ఇరుకు గాటులోంచి నలిపి లాగడం కంటే పొడవాటి మచ్చ ఎంతో నయం.

చికిత్స ఇక్కడితో అయిపోదు. కీమో అవసరమైన వాళ్లకు దాన్ని నాలుగు నుంచి ఆరు వారాల్లో మొదలుపెట్టాలి. పుండు మానక మూడు నెలలు దాటిపోతే బతుకు అవకాశమే తగ్గుతుంది. అందుకే సర్జన్‌ను కలిసినప్పుడు ధర, మచ్చ సైజు గురించి అడిగే ముందు ఇవి అడగండి: ఈ ఆపరేషన్ మీరు ఎన్ని చేశారు, ఎంతమందిలో చర్మం చచ్చింది, ఎంతమందిలో ఇంప్లాంట్ తీయాల్సి వచ్చింది, ఏ పరిస్థితిలో రోబో ఆపేసి మామూలు పద్ధతిలోకి మారతారు, మారడానికి కావాల్సిన పరికరాలు బల్ల మీద సిద్ధంగా ఉంటాయా, రాత్రి రక్తం కారితే ఎవరు వస్తారు. చనుమొనలో స్పర్శ తిరిగి రాకపోవచ్చని, చెయ్యి లోపలివైపు తిమ్మిరి ఉండొచ్చని సర్జన్ తనంతట తానే చెప్పారా లేదా కూడా గమనించండి. ఎన్టీఆర్ వైద్య సేవలో గానీ బీమాలో గానీ రోబో ఖర్చు ఎంతవరకు వస్తుందో కాగితం మీద రాయించుకోండి. మళ్లీ థియేటర్‌కు వెళ్లాల్సి వస్తే ఆ ఖర్చు ఎవరిదో కూడా అందులోనే రాయించుకోండి.